రేపల్లె పాసింజర్‌లో సప్లిమెంటరీ పరీక్ష

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను నిలదీసి లాభం లేదు. నేను కోతలు కోస్తాను. పదిమంది వస్తే పాతికమంది అంటాను. చినుకు పడితే తుఫాను అంటాను. ఒకసారి జలుబు చేస్తే చావు తప్పి బయటపడ్డానని మా ఆవిడకే నెల రోజులు చెప్పుకున్నాను, ఆ నెల రోజులూ కషాయం పెట్టింది ఆవిడే అయినా. కాబట్టి ఇందులో పెద్ద మాట ఎక్కడ కనిపించినా సగానికి తగ్గించి చదువుకోండి. ఎక్కడైనా నేను హంగూ ఆర్భాటం లేకుండా, ఉన్నదున్నట్టు రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటే మాత్రం, అక్కడ కాస్త నెమ్మదించండి. పిల్లల్ని పరీక్షించే ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీలాంటి వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఉద్యోగం నుంచి ముందుగానే విరమించుకుని ఇంట్లో కూర్చున్నా నాకింకా కాలు నిలవడం లేదు, అదీ ఒక కారణం.

తొంభైల మొదట్లో నేను తెనాలిలో ఒక పిల్లల ఆసుపత్రిలో సైకాలజిస్టుని. జనం మాత్రం ‘పరీక్షల సారు’ అనేవాళ్ళు. వారంలో ఒక రోజు బాపట్లలో క్యాంపు, ఒక రోజు రేపల్లెలో క్యాంపు, మిగతా రోజులు తెనాలి. కుదురుగా కూర్చోలేని పిల్లల్ని కనిపెట్టడం నా పని. నేనే ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. బస్సులో వేలాడుతూ టిఫిన్ తిన్నాను, రైలు తలుపు దగ్గర నిలబడి రిపోర్టులు రాశాను, నిద్రలో కూడా ప్లాట్‌ఫారం మారేవాణ్ణి. గదిలో నేను అటూ ఇటూ తిరుగుతుంటే మా డాక్టరమ్మ కళ్ళద్దాల మీదుగా చూసి, “ముందు నిన్ను కూర్చోబెట్టి పరీక్షించాలయ్యా” అనేది. ఆవిడ ఆ ఆసుపత్రి యజమానురాలు, ఆదివారం గుడికి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళని మనిషి, అబద్ధం వింటే ఆవిడకి దద్దుర్లు లేచేవి. అటువంటి మనిషి కింద నాలాంటివాడు అన్నేళ్ళు ఎలా పనిచేశాడన్నది వేరే కథ.

ఆటిజం అన్న మాట అప్పట్లో మా వైపు విన్నవాళ్ళు తక్కువ. అటువంటి పిల్లలు లేక కాదు. వేరే పేర్లతో ఉన్నారు. మొండివాడు, చెవిటివాడు, గాలి సోకినవాడు, తాత పోలిక వచ్చినవాడు. నా చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే. అది విదేశంలో తయారైన కొలబద్ద, ఫోటోస్టాట్ కాపీకి ఫోటోస్టాట్ కాపీ. పిల్లవాడు మనుషుల్ని ఎలా చూస్తాడు, మనం చేసింది చూసి చేస్తాడా, వస్తువుల్ని ఎలా పట్టుకుంటాడు, అలవాటు మారితే ఏమవుతాడు, మాటని దేనికి వాడతాడు, ఇలా ఒక్కొక్క అంశం కింద కాసేపు చూసి, ఇంట్లోవాళ్ళని అడిగి, ఒకటి నుంచి నాలుగు దాకా మార్కు వేయాలి. వయసుకు తగ్గట్టు ఉంటే ఒకటి. బొత్తిగా తేడాగా ఉంటే నాలుగు. అన్నీ కూడితే వచ్చేది ఒక గీత దాటితే ఆటిజం అని అనుమానించాలి. అంటే ఈ పరీక్షలో మార్కులు ఎంత తక్కువొస్తే అంత మంచిది. ఈ ఒక్క సంగతి మా జిల్లా బుర్రలకి ఎక్కించడానికి నేను పడిన పాట్లు కృష్ణా కాలవలో నీళ్ళన్ని ఉంటాయి.

ఆ పిల్లవాణ్ణి మొదట బాపట్ల క్యాంపులో చూశాను. ఆరేళ్ళవాడు. రేపల్లె వాళ్ళే అయినా, మేనత్తది కర్లపాలెం కావడంతో ఆవిడ దగ్గరుండి తీసుకొచ్చింది. ఆవిడ గొంతు విప్పితే సూర్యలంక సముద్రం రెండడుగులు వెనక్కి తగ్గుతుంది. వెనకాల తల్లీ తండ్రీ, వాళ్ళ వెనకాల ఇంకో పాతికమంది. ముందే చెప్పాను కదా, సగానికి తగ్గించుకోండి.

“ఏంటండీ ఈ పరీక్షలు? మా వాడికి ఏ లోపమూ లేదు. అచ్చం మా నాన్న పోలిక. ఆయన కూడా ఎవర్నీ పలకరించేవాడు కాదు” అంది మేనత్త.

ఆ సరికి పిల్లవాడు గది మూలకి వెళ్ళి, సోడా సీసా మూత ఒకటి దొరికించుకుని, నేల మీద గిర్రున తిప్పుతూ దాని పక్కన చెంప ఆనించి పడుకున్నాడు. నేను పిలిచాను, చప్పట్లు కొట్టాను, గంట వాయించాను. వాడు కదలలేదు. చాక్లెట్ కాగితం విప్పిన చప్పుడికి మాత్రం తల తిప్పాడు. చెవుడు కాదని అక్కడే తేలిపోయింది.

“మీ నాన్నగారు కూడా ఇలా మూతలు తిప్పుకుంటూ కూర్చునేవారాండీ?” అన్నాను.

“తిప్పేవాడు. చుట్ట తిప్పేవాడు నోట్లో” అంది ఆవిడ, ఏమాత్రం తొణక్కుండా.

తండ్రి రేపల్లెలో ట్యుటోరియల్ మాస్టారు. పదో తరగతి తప్పినవాళ్ళనీ, ఇంటరు తప్పినవాళ్ళనీ గట్టెక్కించడం ఆయన వృత్తి. భట్టిప్రోలు నుంచి సముద్రం దాకా ఆ చుట్టుపక్కల ఫెయిలైన ప్రతి కుర్రాడూ ఆయన బెత్తం కింద దూరి అవతల పాసై తేలినవాడే అని చెప్పుకునేవాళ్ళు. ఆయన నా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

“మార్కులు ఎన్నొచ్చాయండీ?”

“బాగా ఎక్కువే వచ్చాయండి.”

ఆయన మొహం వెలిగింది. దాన్ని ఆర్పాల్సిన పని నాకే పడింది. “ఈ పరీక్షలో ఎక్కువొస్తే మంచిది కాదండి” అన్నాను.

“అదేం పరీక్షండీ? ఎక్కువొస్తే ఫెయిలా?”

“పాసూ ఫెయిలూ కాదండి. ఒక్కసారి చూసి ఏ పేరూ పెట్టకూడదని మా డాక్టరమ్మ నియమం. వచ్చే నెలలో తెనాలి తీసుకురండి, ఇంకోసారి చూస్తాను.”

ఆయన నెమ్మదిగా తల ఊపాడు. “అంటే, సప్లిమెంటరీ ఉందన్నమాట.”

ఇక్కడే, పిల్లలూ, ఈ కథ పట్టాలు తప్పింది. సప్లిమెంటరీ అన్న మాట వింటే ఆ మనిషి చేతులు వాటంతటవే సుద్దముక్క వెతుక్కుంటాయి. చీరాల దగ్గర పేరాలలో మగ్గం మీద కూర్చున్నవాడికి దారం తెగితే ఎలా ముడి వేయబుద్ధవుతుందో, ఈయనకి ఫెయిల్ అంటే అలా. అది ఆయనకి తెలిసిన ప్రేమ.

నెల తిరిగాక తెనాలికి వచ్చిన పిల్లవాణ్ణి చూసి నేను గుర్తుపట్టలేదు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి పాపిడి తీసిన తల. గుమ్మంలోంచి నేరుగా నా దగ్గరికొచ్చి, చేతులు జోడించి, “నమస్కారమండి” అన్నాడు. తర్వాత మొహం ఎత్తి నా కళ్ళలోకి చూశాడు. చూశాడంటే మామూలుగా కాదు, వాడి ముక్కుకీ నా ముక్కుకీ మధ్య తమలపాకు పెడితే కింద పడకుండా నిలిచేది.

“ఏ ఊరు బాబూ?”

“మాది రేపల్లెండి.”

“ఎలా ఉన్నావు?”

“బాగున్నానండి.”

బంతి విసిరితే పట్టుకున్నాడు. చప్పట్లు కొడితే కొట్టాడు. చెక్కముక్కలు పేర్చమంటే పేర్చాడు. సోడా మూత ఒకటి కావాలనే బల్ల మీద పెట్టాను. దాని వంక చూడలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కట్టేసిన దూడల్లా అట్టే పెట్టుకున్నాడు. కాగితం నిండా ఒకట్లూ ఒకటిన్నరలూ పడ్డాయి. మొత్తం గీత కిందే ఆగింది.

నాకు లోపల ఎక్కడో గజ్జి దురదలాంటిది మొదలైంది. లేచి గదిలో రెండు చుట్లు తిరుగుతూ అవే ప్రశ్నలు మళ్ళీ అడిగాను. ఆ తిరుగుడులో తలుపు సందులోంచి మా కాంపౌండరు కనిపించాడు. అమృతలూరు మనిషి, ముక్కు తుడిచేవాడి దగ్గర్నుంచి ముక్కు మీద కోపం ఉండేవాడి దాకా అందరికీ ఆప్తుడు. అతని పెదాలు కదులుతున్నాయి. పిల్లవాడు జవాబు చెప్పడానికి అర క్షణం ముందే కదులుతున్నాయి.

వరండాలోకి లాక్కెళ్ళి నిలబెట్టాను. “ఏం చేశావు?”

“నేనేం చేశానండీ? మీరడిగే పనుల కాగితం ఉంది కదండీ, అది ఫోటోస్టాట్ తీయించి మాస్టారికిచ్చా. బజార్లో పదో తరగతికి గైడ్లు అమ్మట్లేదాండీ? పిల్లాడు పాసైతే మన ఆసుపత్రికి మాత్రం మంచి పేరు కాదాండీ?”

అతని మొహంలో నేరం చేసిన ఛాయ ఒక్కటీ లేదు. చరిత్రలో మొట్టమొదటిసారి ఆటిజం పరీక్షకి ప్రశ్నపత్రం లీకైంది తెనాలిలోనే అని నేను ఇప్పటికీ పందెం కాస్తాను.

డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ తిట్టలేదు, అదే భయం వేసింది. “నువ్వు కొలిచింది పిల్లాణ్ణి కాదయ్యా, వాళ్ళ నాన్న ట్యూషన్‌ని” అంది. “ఎవరూ చెప్పివ్వని చోట వాణ్ణి చూడు. అంతవరకూ ఏ కాగితమూ నా ముందుకు తేకు.”

తేకపోతే కుదరదని మాస్టారు పట్టుబట్టాడు. ఆయన తొందర ఆయనది. పిల్లల్ని తెల్లవారకముందే లేపి ఎక్కాలు వల్లె వేయించే ఒక ప్రైవేటు హాస్టలు బడిలో కొడుక్కి సీటు మాట్లాడాడు. ఏ లోపమూ లేదని డాక్టరు కాగితం తెస్తేనే చేర్చుకుంటామన్నారు వాళ్ళు. మర్నాడే చివరి రోజు. “ఏడాది అక్కడుంటే దారిలో పడతాడండి. నా దగ్గరకంటే అక్కడ క్రమశిక్షణ ఎక్కువ” అన్నాడు.

నేను మాట దాటేసి వరండాలోకి వచ్చాను. కుళాయి దగ్గర పిల్లవాడి తల్లి టిఫిన్ క్యారియర్ కడుగుతోంది. అప్పటిదాకా ఆవిడ నోరు విప్పగా నేను వినలేదు. మేనత్తగారున్న గదిలో ఇంకొకరు నోరు విప్పడానికి గాలి మిగిలేది కాదు.

“అన్నయ్యగారూ, ఒక్క మాట” అంది తల ఎత్తకుండా. “వాణ్ణి ఫెయిల్ చేయండి.”

నా ఉద్యోగంలో పాస్ చేయమని కాళ్ళు పట్టుకున్నవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఫెయిల్ చేయమన్నది ఆవిడ ఒక్కతే. “మార్కులు మార్చకూడదమ్మా” అన్నాను, పెద్ద మనిషి తరహాలో.

“మార్చొద్దండి. నిజం మార్కులే వేయండి. అది ఫెయిలే గదండీ.” గిన్నె బోర్లించి చేతులు తుడుచుకుంది. “ఆకలేస్తే వాడు అడగడండి. వెళ్ళి కంచం దగ్గర నిలబడతాడు. జ్వరమొచ్చినా చెప్పడు. గోడకి ఆనుకుంటాడు, చల్లగా ఉంటుందని. నేను చూస్తుంటా కాబట్టి నాకు తెలుస్తుంది. అంతమంది పిల్లల్లో వీడు గోడకి ఆనుకుని నిలబడితే ఎవరు చూస్తారండీ?”

నేను మాస్టారి దగ్గరికి తిరిగి వెళ్ళాను. మర్నాడు నాకు రేపల్లె క్యాంపు ఉంది. కాగితం రేపల్లెలో దిగాక రాస్తాననీ, సాయంత్రం పాసింజరుకి మీతోనే వస్తాననీ మాస్టారికి చెప్పాను. రేపు పొద్దున్నే డాక్టరమ్మ సంతకానికి తెనాలికి మనిషిని పంపుకుంటానని ఆయన అయిష్టంగా ఒప్పుకున్నాడు. తెనాలి పరీక్షకీ వెంట వచ్చిన మేనత్త కర్లపాలెం బస్సెక్కింది. తెనాలి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయినట్టనిపించింది.

రేపల్లె పాసింజరు సంగతి మీకు తెలియదు. దానికంటే పక్కన నడిచే గేదెలు ముందు ఊరు చేరేవి. పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. కూరగాయల గంపలు, పాలకేన్లు, ఒక మేకపిల్ల, ఆ మేకపిల్లకి టికెట్ ఉందా అని అడిగే ముగ్గురు పెద్దమనుషులు. పిల్లవాడికి కిటికీ పక్కన చోటు దొరికింది. తండ్రి ఎదురుగా కూర్చున్నాడు, తల్లి పిల్లవాడి పక్కన. నేను కూర్చున్నాను, లేచాను, తలుపు దాకా వెళ్ళాను, తిరిగొచ్చాను. చేతిలో రిపోర్టు కాగితం చెమటకి మెత్తబడింది. అందులో ఇంకా ఏ మాటా రాయలేదు.

బండి కదలగానే పిల్లవాడి చేతులకి ప్రాణం వచ్చింది. కిటికీ చువ్వల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడుతుంటే, ఆ వెలుగులో వేళ్ళు టకటకా ఆడిస్తూ, మొహం నిండా నవ్వుతున్నాడు. వాడు నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

“చేతులు కిందికి!” అన్నాడు తండ్రి.

చేతులు దిగాయి. నవ్వు కూడా దిగింది. “సార్ ఇక్కడే ఉన్నారు. ఏమడిగినా తప్పకుండా చెప్పాలి, తెలిసిందా?” అని, నా వైపు తిరిగి, “ఇంకేమైనా అడగాలంటే అడగండి సార్, అన్నీ వచ్చు” అన్నాడు. నేను అడగలేదు. వేమూరు దాటింది. పిల్లవాడు మెల్లగా ఒక చెయ్యి కిటికీ అంచు మీద పెట్టుకున్నాడు. మేకపిల్ల ఎవరి కాలో తొక్కింది, పెట్టె అంతా ఘొల్లుమంది, అందరం అటు తిరిగాం. అప్పుడే డ్రైవరు బ్రేకు వేశాడు.

కిటికీ షట్టరు పడింది. వాడి చెయ్యి కింద ఉంది.

వాడు ఏడవలేదు. తల్లి వైపు తిరగలేదు. చెయ్యి లాక్కోవడానికి కూడా చూడలేదు. మొహం ఎత్తి, నేర్పినట్టే, తండ్రి కళ్ళలోకి సూటిగా చూశాడు.

“నమస్కారమండి” అన్నాడు.

తండ్రి మేకపిల్ల గొడవలోంచి తల తిప్పాడు. “ఏంట్రా?”

“మాది రేపల్లెండి.”

అలవాటైన నోరు. ఎన్ని వేలసార్లు ఎన్ని వందలమంది కుర్రాళ్ళని అలా అడిగి ఉంటాడో. “ఊఁ, తర్వాత?” అన్నాడు మాస్టారు.

“బాగున్నానండి.”

ఒక క్షణం ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. “నమస్కారమండి. మాది రేపల్లెండి. బాగున్నానండి.” ఈసారి గొంతు పైకి లేచింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. మాటలు మాత్రం వరస తప్పలేదు.

తల్లి చెయ్యి చూసింది. ఆవిడ కేక విని నేనూ మాస్టారూ కలిసి షట్టరు లేపాం. బిగుసుకుపోయింది, ఇద్దరం పడితే గానీ లేవలేదు. మూడు వేళ్ళు కమిలాయి. విరగలేదు. నిమ్మసోడా అమ్ముకునే అతను ఐసు ముక్క రుమాల్లో చుట్టి ఇచ్చాడు. తల్లి వాడిని ఒళ్ళోకి లాక్కుని వేళ్ళు ఊదుతోంది. వాడు ఐసు వంకే చూస్తున్నాడు. సోడా సీసా అంచు మీద ఎండ మెరుస్తుంటే దాని వంక చూస్తున్నాడు.

మాస్టారు కూర్చోలేదు. లేపిన షట్టరుని అరచేత్తో పైకి నొక్కి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “గడియ పడిందండీ, వదిలేయండి” అన్నారు ఎదుటివాళ్ళు. వదల్లేదు.

భట్టిప్రోలు దాటాక అడిగాడు. “వాడు నన్ను పిలిచాడు కదండీ?”

“అవునండి.”

“వాడికి వచ్చిన మాటలన్నీ పెట్టి పిలిచాడు.”

“అవునండి.”

“నేను ‘తర్వాత?’ అన్నానండీ.”

మీకు పాఠం చెప్పాలంటే చెప్పొచ్చు. పిల్లవాడికి ఎన్ని మాటలొచ్చు అని కాదు, వాటితో ఏం చేస్తున్నాడు అని చూడండి, తనకి నొప్పి పుట్టినప్పుడు దాన్ని ఇంకో మనిషి దగ్గరికి ఎలా తీసుకెళ్తున్నాడో చూడండి, అక్కడ వేయండి మీ మార్కు, అని. ఆ రోజు నేను ఇవేవీ ఆలోచించలేదు. చెమటకి మెత్తబడ్డ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

“ఇప్పుడేం నేర్పమంటారు సార్?” అన్నాడు మాస్టారు. గొంతు ట్యుటోరియల్ మాస్టారిది కాదు, ముందు బెంచీలో కూర్చున్న కుర్రాడిది.

“‘నొప్పి’ అని చెప్పడం నేర్పండి, ముందు అదొక్కటి” అన్నాను నేను.

మర్నాడు మాస్టారు సంతకానికి మనిషిని పంపలేదు, హాస్టలుకీ వెళ్ళలేదు. నేను రేపల్లె స్టేషన్ బెంచీ మీద కూర్చుని, మూడుచోట్లా చూసిందంతా కలిపి, ఆటిజం అనే రాశాను. డాక్టరమ్మ రెండుసార్లు చదివి సంతకం పెట్టింది. వాళ్ళింటి దగ్గరి క్రైస్తవ మిషను బడిలో ఒక టీచరమ్మ పిల్లవాణ్ణి తన కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుంటానని చేర్చుకుంది.

ఇక నొప్పి పాఠం. మాస్టారు ఏ పనైనా సగం చేసే మనిషి కాదు. ట్యుటోరియల్లో ఇంటరు తప్పిన కుర్రాళ్ళందరినీ ఇంటికి పిలిచి, ఒక్కొక్కరూ కాలు పట్టుకుని “నొప్పి” అని పిల్లవాడి ముందు కూలబడేలా చేశాడు. ఆ వీధిలో అంటువ్యాధి వచ్చిందని మునిసిపాలిటీ వాళ్ళు బ్లీచింగ్ పౌడరు చల్లి వెళ్ళారు. నెల తర్వాత క్యాంపుకి వచ్చిన పిల్లవాడికి మాట వచ్చింది, కానీ అన్నిటికీ అదే. ఫ్యాన్ ఆగితే నొప్పి. ఇడ్లీ అయిపోతే నొప్పి. నన్ను చూడగానే ఖాయంగా నొప్పి. “అది మాత్రం సరైన జవాబే” అని కాంపౌండరు గొణిగాడు.

వానాకాలంలో ఒక రోజు తల్లి ఒక్కతే వాణ్ణి తీసుకుని తెనాలి వచ్చింది. పొద్దున వంటింట్లో ఉంటే వాడొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని, తీసుకెళ్ళి తన చెవి మీద పెట్టుకున్నాడట. “నొప్పి” అన్నాడట. డాక్టరమ్మ టార్చి వేసి చూస్తే చెవిలో చీము పట్టి ఉంది. ఆవిడ మందు రాస్తుంటే తల్లి నవ్వుతూనే ఉంది. పిల్లవాడికి చెవిలో చీము పడితే నవ్విన తల్లిని నేను ఇంకెక్కడా చూడలేదు.

చివరికొచ్చేశాం. ఏది కల్పించానో చెప్పే వేళయింది. మేనత్త గొంతు కల్పించలేదు, కావాలంటే సముద్రాన్ని అడగండి. బ్లీచింగ్ పౌడరు కొంచెం ఎక్కువే చల్లాను. మేకపిల్లలు రెండు, ఒకదాన్ని నేనే దించేశాను. ఇవన్నీ కోతలు, కల్పన కాదు. కల్పించింది ఒక్క వాక్యం. “‘నొప్పి’ అని చెప్పడం నేర్పండి” అన్నది నేను కాదు. ఇన్నేళ్ళూ ఎక్కడ చెప్పినా ఆ మాట నా నోట్లోనే పెట్టుకున్నాను, నాకు బాగా నప్పింది కాబట్టి. ఇప్పుడేం నేర్పమంటారని మాస్టారు నన్ను అడిగినప్పుడు నేను కిటికీలోంచి పొలాల వంక చూస్తున్నాను. నాకేమీ తోచలేదు. ఆ మాట అన్నది పిల్లవాడి వేళ్ళు ఊదుతున్న ఆవిడ, తల ఎత్తకుండానే. “నొప్పి అని చెప్పడం నేర్పండి, ముందు అదొక్కటి” అంది.

మాస్టారు ఆవిడ వైపు తిరిగి తల ఊపాడు. రేపల్లె వచ్చేదాకా చెయ్యి మాత్రం షట్టరు మీంచి తీయలేదు. ఆ ముక్కని సగానికి తగ్గించకండి.